వన్నాక్రై వర్మ్

నెట్‌వర్క్ ద్వారా అనుసంధానమైన కంప్యూటర్ల మధ్య, ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, తనంతట తాను పాకే హానికర ప్రోగ్రామును వర్మ్ అంటారు. మరొక ఫైలుకు అంటుకుని, దాన్ని ఎవరైనా తెరిస్తేనే వ్యాపించే వైరస్‌కూ దీనికీ ముఖ్యమైన భేదం ఇదే. 2017 మే 12న బయటపడిన వన్నాక్రై ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లను, ప్రింటర్లను పంచుకునేందుకు వాడే ఎస్‌ఎంబీ పద్ధతి తొలి వెర్షన్‌లోని లోపాన్ని ఆసరా చేసుకొని, అది 445వ పోర్టు, అంటే ఆ సేవకు కేటాయించిన ద్వారం, తెరిచి ఉన్న ఇతర కంప్యూటర్లను వెతికి, వాటిలోకి చొరబడి, ఫైళ్లను ఎవరూ చదవలేని గూఢలిపిలోకి మార్చి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించమని తెరపై అడిగేది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతినగా, వాటిలో బ్రిటన్ ఆసుపత్రులవి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా ఉన్నాయి. విచారకరమైన సంగతి ఏమిటంటే, ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. బయటి నుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్లను ఇంటి రౌటర్ సాధారణంగా అడ్డుకుంటుంది గాని, ఎక్కడో వర్మ్ సోకిన లాప్‌టాప్‌ను తెచ్చి ఇంటి వైఫైకి కలిపితే, ముప్పు అప్పటికే గడప దాటి ఉంటుంది కాబట్టి రౌటర్ దాన్ని ఆపజాలదు. అటువంటప్పుడు సోకిన కంప్యూటర్‌ను ముందుగా నెట్‌వర్క్ నుంచి విడదీసి, తర్వాతే శుభ్రం చేయాలి.