మేజ్‌బాన్ ఇంట్లో జుబాన్

స్పానిష్ నేర్చుకోవడానికి దేశదేశాల నుంచి పిల్లలు గ్రనాడా వెళ్తుంటారు. వాళ్లలో చాలామంది హాస్టల్లో కాదు, డబ్బు కట్టి ఏదో ఒక స్పానిష్ కుటుంబంతో ఉంటారు. మధ్యాహ్నం రెండు దాటాక భోజనం, రాత్రి తొమ్మిది దాటాక ఇంకో భోజనం, తిన్నాక బల్ల దగ్గరే కూర్చుని కబుర్లు. క్లాసులో వ్యాకరణం వస్తుంది. జుబాన్ మాత్రం ఈ బల్ల దగ్గరే వస్తుంది.

ఆ ఇంట్లో మొదటి రోజు కావలసిన మాటలు చూడండి. తలగడ అడగాలంటే ‘అల్మోఆదా’. అరబీ ‘అల్ మిఖద్దా’ అది. చక్కెర ‘అసూకర్’, అంటే మన షక్కర్. నూనె ‘అసైతే’, అరబీ ‘అజ్జైత్’. జైతూన్ చెట్టు ఇంటి మాటే. కుంకుమపువ్వు ‘అసాఫ్రాన్’, మన జాఫ్రాన్. బైంగన్ అక్కడ ‘బెరెన్హేనా’. ‘నరాన్హా’ అయితే మన నారింజకే చుట్టం. ఇక్కడి నారంగమే ఫార్సీ, అరబీల మీదుగా అంత దూరం సఫర్ చేసింది. రాత్రి పడుకోబోతూ ఇంటావిడ ‘అస్తా మన్యానా’ అంటుంది, రేపటిదాకా సెలవని. ఆ ‘అస్తా’ అరబీ ‘హత్తా’ నుంచి వచ్చింది. ఉర్దూలో మనం ‘హత్తా కే’ అంటామే, అదే. ఏదైనా జరగాలని కోరుకుంటే ‘ఓహలా’ అంటుంది. అందులో అల్లా పేరుంది. ఆమెకు ఆ సంగతి తెలిసి ఉండాలనేం లేదు.

పుట్టిన మాటల్ని కూడా కలుపుకుంటే స్పానిష్‌లో అరబీ మూలం ఉన్నవి సుమారు 4 వేలు అంటారు. ఆ అరబీ మాట్లాడిన మనుషులు ఏమయ్యారు? ఈ తారీఖ్ కూడా ఇళ్లలోనే నడిచింది.

1492 జనవరిలో గ్రనాడా ఫెర్నాండో, ఇసబెల్‌ల చేతికి పోయింది. దీన్, మసీదులు, రివాజులు మీవి మీకే ఉంటాయని ఒప్పందంలో రాసిచ్చారు. అదే ఏడాది ఆగస్టులో నెబ్రిహా అనే పండితుడు స్పానిష్ వ్యాకరణం అచ్చు వేశాడు. అంతకుముందు దాని నమూనా చూపించినప్పుడు, దీనివల్ల ఫాయిదా ఏమిటని రాణి అడిగిందట. పక్కనే ఉన్న ఒక బిషప్పు జవాబిచ్చాడు: గెలిచినవాళ్ల చట్టం ఓడినవాళ్ల మీదికి వస్తుంది, చట్టంతోపాటు భాష కూడా నేర్చుకోక తప్పదు, అప్పుడు ఈ కితాబ్ పనికొస్తుంది అని. నెబ్రిహా తన ముందుమాటలోనే ఈ ముచ్చట రాసుకున్నాడు.

ఆ బిషప్పు పేరు ఎర్నాందో దె తలవేరా. విచిత్రమేమిటంటే, గ్రనాడాకు మొదటి ఆర్చిబిషప్పుగా వచ్చాక ఆయన దారి మారింది. పాదరీలను అరబీ నేర్చుకోమన్నాడు. ఆయన పూనికతోనే 1505లో గ్రనాడాలో అరబీ వ్యాకరణం, నిఘంటువు అచ్చయ్యాయి. ముసల్మాన్ల పిల్లల్ని క్రైస్తవుల్ని చేయాలనే ఆయన మఖ్సద్. అందులో దాపరికం లేదు. కానీ జుబాన్ మీద కత్తి పెట్టలేదు. ఆయన ఇంట్లో కొలువున్న ఒక కుర్రాడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్. పాత ముసల్మాన్ ఖాందాన్ బిడ్డ. ఆర్చిబిషప్పుతో కలిసి కొండ పల్లెలు తిరిగాడు.

తలవేరా నెమ్మది నచ్చనివాళ్లు గెలిచారు. 1499 నుంచి బలవంతపు బాప్తిస్మాలు మొదలయ్యాయి. గ్రనాడా చౌక్‌లో అరబీ కితాబుల్ని తగలబెట్టారు. చివరికి తలవేరాను కూడా ఇన్‌క్విజిషన్ వదల్లేదు. బాప్తిస్మం పొందిన ముసల్మాన్లకు ‘మొరిస్కోలు’ అని పేరు పడింది.

1567 జనవరి 1న ఫర్మానా చాటించారు. మూడేళ్లలో అందరూ స్పానిష్ నేర్చుకోవాలి. ఆ తర్వాత అరబీ మాట్లాడినా, రాసినా, ఇంట్లో అయినా, బయట అయినా నేరమే. లిబాస్ మారాలి, హమామ్‌లు మూయాలి. జుమ్మా రోజు ఇంటి తలుపులు తెరిచే ఉంచాలి. లోపల ఎవరైనా నమాజ్ చేస్తున్నారేమో చూడాలి కదా.

అప్పటికి ముసలివాడైపోయిన నూన్యెస్ ములేయ్ అధికారులకు ఒక అర్జీ పెట్టాడు. ఆ అర్జీ ఈ రోజుకీ ఉంది. అందులో ఆయన మాట సీదా సాదాది. జుబాన్ వేరు, మజహబ్ వేరు. మాల్టాలో క్రైస్తవులు అరబీ మాట్లాడతారు, వాళ్ల మతం చెడిందా? పల్లెల్లో పుట్టి పెరిగిన ముసలాళ్లకు ఇప్పుడు కొత్త భాష ఎలా వస్తుంది? ఆ అడిగినవాడు స్పానిష్ రానివాడు కాదు, స్పానిష్‌లోనే అడిగాడు. ఎవరూ వినలేదు.

1568 డిసెంబర్‌లో అల్‌పుహార్రా కొండల్లో బగావత్ లేచింది. 1571కి అణిచేశారు. సుమారు 80 వేల మందిని గ్రనాడా నుంచి తరిమి దేశమంతా చెదరగొట్టారు. పట్టుబడినవాళ్లను గులాములుగా అమ్మారు. చిన్నపిల్లల సంగతికి 1572లో ఒక చట్టం వచ్చింది. పదిన్నర ఏళ్లలోపు మగపిల్లలు, తొమ్మిదిన్నర ఏళ్లలోపు ఆడపిల్లలు గులాములు కారు. వాళ్లను క్రైస్తవ కుటుంబాలకు అప్పగించాలి, ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఆ ఇంట్లో చాకిరీ చేస్తూ పెరగాలి.

ఇక్కడికొచ్చేసరికి నా చేయి ఆగిపోయింది. పరాయి ఇల్లు, పరాయి బల్ల, తలగడ, చక్కెర, నూనె. ఆ పిల్లలు కూడా స్పానిష్‌ని ఇలాగే నేర్చుకున్నారు. అమ్మీ దగ్గర నేర్చిన మాటలే ఆ కొత్త భాషలో సగం వేషం మార్చుకుని ఎదురైనప్పుడు ఆ పసివాళ్లకు ఏమనిపించిందో! ఈనాటి స్టూడెంట్ రాత్రి గది తలుపేసుకుని ఇంటికి ఫోన్ చేసి తన భాషలో మాట్లాడుకోగలడు. ఆ పిల్లలకు మాట్లాడటానికి అమ్మీ లేదు, మాట్లాడే ఇజాజత్ అంతకన్నా లేదు. 1609 నుంచి 1614 దాకా సాగిన దేశబహిష్కారంతో మిగిలిన మొరిస్కోలు కూడా, సుమారు 3 లక్షల మంది, సముద్రం దాటారు.

ఆరగాన్ వైపు మొరిస్కోలు అరబీ మాట్లాడటం అప్పటికే మర్చిపోయారు. అయినా స్పానిష్‌నే అరబీ లిపిలో రాసుకున్నారు, దుఆలు, కిస్సాలు, మసాయిల్ అన్నీ. 1884లో అల్మోనాసిద్ అనే ఊళ్లో పాత ఇల్లొకటి పడగొడుతుంటే ఆ రాతప్రతులు బయటపడ్డాయి. దొంగ నేల కింద, రెండున్నర శతాబ్దాలకు పైగా.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలో చేరినవాణ్ణి. తెలుగు కూడా నాకు సగం క్లాసులో, సగం దోస్తుల ఇళ్లలో వచ్చింది. వాళ్ల అమ్మలు అన్నం పెడుతూ నా మాట సరిదిద్దారు. నా ఉర్దూని మాత్రం ఎవరూ గుమ్మం బయట విడిచి రమ్మనలేదు. తలవేరా ఇంటికీ 1572 నాటి ఇళ్లకూ ఫరక్ అక్కడే ఉంది.

మొరిస్కోల దగ్గర జుబాన్ పోయింది, లిపి మిగిలింది. మా ఇళ్లలో కథ తలకిందులు. పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. అందుకే ఉర్దూ మాటల్ని ఇలా తెలుగు లిపిలో రాస్తున్నాను. ఎవరి ఫర్మానాకూ భయపడి కాదు. దొంగ నేల కింద దాచే అవసరం రాకముందే ఎవరైనా చదువుతారని.