నూనె ముందు, నురగ తర్వాత: తలంటి చరిత్ర

భోగి తెల్లవారుజామున, ఉగాది పొద్దున, నరక చతుర్దశి నాడు తెలుగు ఇళ్లలో మొదటి పని తలంటి పోసుకోవడమే. గోరువెచ్చని నువ్వుల నూనె మాడుకు పట్టించి, ఒంటికి నలుగు పెట్టి, కుంకుడు రసంతో తల రుద్ది, తడారుతున్న జుట్టుకు సాంబ్రాణి పొగ వేస్తే గానీ పండగ మొదలైనట్టు కాదు. ఈ వరుసలో ఏదీ ఊరికే వచ్చి చేరలేదు. షాంపూ బదులు కుంకుడుకాయ వాడొచ్చా అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. దానికి జవాబు ఈ వరుసలోనే ఉంది.

పాత గ్రంథాల్లో కుంకుడు

మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఏ వస్త్రాన్ని దేనితో శుభ్రం చేయాలో చెప్పే శ్లోకం ఒకటి ఉంది. నారబట్టలకు తెల్లావాలు, మేకవెంట్రుకలతో నేసిన కంబళ్లకు కుంకుడుకాయలు అంటుందది. వెంట్రుకకు కుంకుడు నప్పుతుందన్న ఎరుక అంత పాతది. పట్టుచీరల్ని కుంకుడు నీళ్లలో నానబెట్టే మన పెద్దవాళ్లది కూడా అదే ఎరుక.

నూనె సంగతి వైద్య గ్రంథాలు చెప్పాయి. వాగ్భటుడి అష్టాంగహృదయం అభ్యంగనాన్ని దినచర్యలోనే చేర్చింది. తలకు, చెవులకు, పాదాలకు తప్పక నూనె పట్టించాలంది. తెలంగాణ ప్రాంతాన్ని కూడా ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసం రాజభోగాల్లో స్నానానికీ చోటిచ్చింది. రాజుగారి స్నానశాలలోనైనా, పల్లెటూరి పెరట్లోనైనా నూనె ముందు, కడగడం తర్వాత. ఆ క్రమం మారలేదు.

రసంలో ఉన్న గుణం

కుంకుడుకాయ గుణమంతా పైతోలులోనే ఉంటుంది. లోపలి నల్లటి గట్టి గింజ తలస్నానానికి పనికిరాదు. అందుకే ముందురోజు రాత్రి కాయల్ని రాయితో చితక్కొట్టి, గింజలు ఏరేసి, తొక్కల్ని వేడినీళ్లలో వేస్తారు. పొడవు జుట్టుకు పది పదిహేను కాయలు చాలు. తెల్లారేసరికి తొక్కలు మెత్తబడి, జిగురు పట్టి, నీళ్లు తేనెరంగుకు తిరుగుతాయి. చేత్తో పిసికితే తెల్లటి నురగ గిన్నె అంచు దాకా పొంగుతుంది. దాన్ని పల్చటి గుడ్డలో వడగడితే పిప్పి తలలో చిక్కుకోదు.

ఆ నురగకు మూలం సాపోనిన్లు. సాపోనిన్ అణువులో ఒక భాగం నీటిని, మరో భాగం నూనెను అంటిపెట్టుకుంటుంది. మాడు మీది జిడ్డును అది పట్టుకుంటే, నీళ్లు దాన్ని లాక్కుపోతాయి. నూనె తలకు మొదటి విడత నురగ సరిగ్గా రాదు, రెండో విడతకు పొంగుతుంది. అందాకా సాపోనిన్లన్నీ నూనెను పట్టే పనిలో ఉండటమే అందుకు కారణం.

ఇక్కడే తలంటి వరుసకు అర్థం తెలుస్తుంది. కుంకుడు జిడ్డును గట్టిగా లాగేస్తుంది. నూనె పెట్టని తలకు చిక్కటి రసం పోస్తే జుట్టు పీచులా తయారవుతుంది. నూనె ముందుగా ఉంటే రసం పైజిడ్డును తీసుకుపోతుంది, వెంట్రుకకు కావలసిన మెరుపు మిగులుతుంది. శీకాయలో మెంతులు కలపడం, రసంలో మందారాకు నూరి వేయడం, నీళ్లకు బదులు గంజి వాడటం కూడా ఇందుకే. వాటి జిగురు వెంట్రుక మీద పల్చటి పొరగా నిలిచి చిక్కు పడనివ్వదు.

సబ్బు ఓడిన చోట

పడమటి దేశాల్లో చాలాకాలం తలకూ సబ్బే గతి. సబ్బు క్షారం. అది వెంట్రుక పైపొరను లేపుతుంది. పైగా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీటిలో తెట్టు కట్టి జుట్టుకు అంటుకుంటుంది. బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ 1903లో నీళ్లలో కలుపుకునే పొడి షాంపూ తెచ్చాడు. తెట్టు కట్టని కృత్రిమ డిటర్జెంట్‌తో ‘డ్రీన్’ షాంపూ అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1934లో. కుంకుడుకు, శీకాయకు ఆ ఇబ్బంది మొదటి నుంచీ లేదు. రెండింటి రసమూ కొద్దిగా ఆమ్ల గుణం కలది. తెలంగాణ, రాయలసీమ ఊళ్లలోని బోరునీళ్లలో సబ్బు విరిగిపోయినా కుంకుడు రసం నురగ ఇస్తుంది.

మరి మన ఇళ్లలో కుంకుడు ఎందుకు వెనకబడింది? గుణం తగ్గి కాదు. రసం నిలవ ఉండదు, ఎప్పటికప్పుడు తీసుకోవాలి. కొట్టడం, నానబెట్టడం, పిసకడం, ఇంటిల్లిపాదికీ తలలు రుద్దడం ఆడవాళ్ల మీదే పడింది. 1980ల్లో షాంపూ చిన్న ప్యాకెట్లలో పల్లె కిరాణా కొట్ల ముందు వేలాడసాగింది. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ ప్యాకెట్ ఆలోచనకు దారి వేస్తే, ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో ‘చిక్’ షాంపూ సంస్థ మొదలుపెట్టారు. చింపి పోసుకుంటే స్నానం అయిపోయింది. పొద్దున్నే పొలానికో ఆఫీసుకో పరుగెత్తే మహిళకు అది నిజమైన ఊరట, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తర్వాత అదే సంస్థ ‘మీరా’ పేరుతో మూలికల పొడినీ అమ్మింది. కుంకుడు, శీకాయల మీద జనానికి నమ్మకం పోలేదనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

అడవిలోని కాపు

ఈ కాయల వెనక అడవి బిడ్డల కష్టం ఉంది. తూర్పు కనుమల్లో ముళ్లతీగల నుంచి శీకాయను, ఎత్తైన చెట్ల నుంచి కుంకుళ్లను ఏరి తెచ్చేది ఆదివాసులు. వ్యాపారుల మోసం నుంచి వారిని కాపాడేందుకు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, కుంకుళ్లు, శీకాయ కొనడం దాని పని. కుంకుడు వాడకం పెరిగితే సంతలో వారి బుట్టకు ధర పలుకుతుంది, చెట్టును నరకకుండా ఉంచుకోవడానికీ కారణం దొరుకుతుంది.

అలాగని కుంకుడుకు లేని మహిమలు అంటగట్టనక్కర్లేదు. రాలిన జుట్టును అది మొలిపించదు. కళ్లలో పడితే మంట భరించలేం, పిల్లలకు తల వెనక్కి వంచే పోయాలి. మాడు మీద పుండ్లో దురదో ఉంటే వైద్యుణ్ని అడగాలి. రోజూ తలస్నానం చేసేవారికి ఇది కుదరకపోవచ్చు. కానీ వారానికోసారి నూనె పెట్టుకునేవారికి ఇది బాగా నప్పే దారి.

ఈ ఆదివారం ప్రయత్నించాలనుకుంటే నూనెతోనే మొదలుపెట్టండి. రాత్రి పూట కాయలు కొట్టే పని ఒక్కరి మీద వదిలేయకుండా ఇంట్లో అందరూ తలో చెయ్యి వేయండి. ఇంటిల్లిపాదీ పంచుకుంటే ఈ పద్ధతి పండగలకే పరిమితం కాకుండా వారం వారం నిలుస్తుంది.