పాత గేర్ల కారులో ఇంధన పొదుపు: చోదకుడు తెలుసుకోవలసిన మెలకువలు

రాయ్‌పూర్ నగరానికి పశ్చిమ ముఖద్వారం టాటీబంధ్. భిలాయ్, దుర్గ్ వైపు సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, అంటే నేటి 53వ జాతీయ రహదారి, నగర రింగ్ రోడ్లతో కలిసేది ఇక్కడే. ఎయిమ్స్ ఆసుపత్రి ఉన్నదీ ఇక్కడే. లారీలు, బస్సులు, అంబులెన్సులు, ద్విచక్ర వాహనాల నడుమ ఈ కూడలిని దాటే కారు మొదటి, రెండో గేర్లతోనే నెట్టుకురావాలి. కాసేపటికి ఖారూన్ నది వంతెన దాటాక అదే కారు టాప్ గేరులో సాగిపోతుంది. పాత కారు ఇంధనాన్ని ఎక్కడ వృథా చేస్తుందో, ఎక్కడ ఆదా చేయగలదో గమనించడానికి ఈ దారి చక్కని ఉదాహరణ.

రైల్వే, ఉక్కు పరిశ్రమల కొలువుల వల్ల రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడైనా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనైనా పాత కారును నిలబెట్టుకోవడం నేడు ఖర్చుతో కూడిన పని. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దానిని 10,000 రూపాయలు చేశారు. ఈ రుసుములు మన చేతిలో లేవు. నెలనెలా పెట్రోలుకయ్యే ఖర్చు మాత్రం చాలావరకు చోదకుని అలవాట్ల మీదనే ఆధారపడి ఉంటుంది.

బ్రేకులో కరిగిపోయే పెట్రోలు

కారు వేగం అందుకోవడానికి ఇంజిన్ ఇంధనాన్ని మండిస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. వెయ్యి కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రమారమి 17 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలని లెక్క వేయవచ్చు. ఆ వేగం నుంచి కేవలం బ్రేకుతోనే 60 సార్లు ఆపితే దాదాపు ఒక లీటరు వృథా అయినట్లే.

అందువల్ల పొదుపునకు మొదటి సూత్రం దూరదృష్టి. ముందు వాహనానికీ మనకూ మధ్య తగిన దూరం పాటించాలి. ముందున్న రెండు మూడు వాహనాలను, ఆ పైన సిగ్నల్‌ను గమనిస్తూ ఉండాలి. ఎర్ర దీపం కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, గేరులోనే కారును నెమ్మదించనిస్తే, చాలాసార్లు పూర్తిగా ఆగక ముందే పచ్చ దీపం వెలుగుతుంది. నిలిచిపోయిన కారును మళ్లీ కదిలించడం కంటే, మెల్లగా కదులుతున్న కారును ముందుకు తీసుకుపోవడం ఎంతో చవక.

రహదారి మీద గాలి నిరోధం ప్రధానమవుతుంది. అది వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 90కి చేరితే నిరోధం రెండుంపావు రెట్లవుతుంది. 1978లో ఏర్పాటైన పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం, పీసీఆర్ఏ, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్ని అత్యంత పొదుపైనదిగా చాలాకాలంగా ప్రచారం చేస్తోంది. హైవే మీద అంత నెమ్మదిగా వెళ్లడం అన్నివేళలా క్షేమం కాదు. అయితే 90కి బదులు 70 దగ్గర నిలకడగా సాగినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఖాళీగా పైకప్పు మీద మోసే క్యారియర్‌ను విప్పివేయడం కూడా ఈ కోవలోనిదే.

గేరు ఎప్పుడు మార్చాలి?

యాక్సిలరేటర్‌ను అతి సుతారంగా తొక్కుతూ ఒకే గేరులో చాలాసేపు నడిపితే పొదుపు అని అనేకులు భావిస్తారు. అది నిజం కాదు. పెట్రోలు ఇంజిన్ తక్కువ చుట్లతో, మోస్తరు భారంతో పనిచేసేటప్పుడే ఇంధనాన్ని బాగా వినియోగించుకుంటుంది. కనుక యాక్సిలరేటర్‌ను సగానికి కొంచెం పైగా తొక్కి, ఇంజిన్ నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్లు తిరిగేసరికి పై గేరుకు మారడం మేలు. డీజిల్ కార్లలో 2,000 లోపే మార్చవచ్చు.

పాత చిన్న కార్లలో చుట్లు చూపే మీటరు సాధారణంగా ఉండదు. అలాంటప్పుడు కదలగానే రెండో గేరు, 30 కిలోమీటర్ల దగ్గర మూడు, 45 దగ్గర నాలుగు, 55 దాటాక ఐదు అనే క్రమాన్ని స్థూలంగా పాటించవచ్చు. యజమాని పుస్తకంలో సూచించిన వేగాలు ఉంటే వాటికే ప్రాధాన్యం. కారు కుదుపులకు లోనైనా, ఇంజిన్ కొట్టుకుంటున్న శబ్దం వచ్చినా వెంటనే కింది గేరుకు రావాలి. ఇంజిన్‌ను ఆ స్థితిలో ఈడ్చడం వల్ల పొదుపు మాట అటుంచి, బేరింగులకూ పిస్టన్లకూ చేటు కలుగుతుంది.

ట్రాఫిక్‌లో క్లచ్, సెల్ఫ్

రద్దీలో క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం, వాలులో బ్రేకుకు బదులు హాఫ్ క్లచ్ మీద కారును నిలపడం ఇంధనంతో పాటు క్లచ్ ప్లేటును కూడా హరిస్తాయి. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయాలి.

ఆగి ఉన్న ఇంజిన్ దాని పరిమాణాన్ని బట్టి గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు కాలుస్తుంది. ఇంధన సరఫరా ఎలక్ట్రానిక్ పద్ధతిలో సాగే కారును తిరిగి స్టార్ట్ చేయడానికి పది సెకన్లపాటు ఊరకే ఆన్‌లో ఉంచినంత ఇంధనం కూడా పట్టదు. దీర్ఘంగా ఉండే సిగ్నల్ దగ్గర, రైల్వే గేటు దగ్గర, ఆసుపత్రి ముందు ఇంజిన్ ఆపివేయడం పొదుపూ, పరోపకారమూ. బ్యాటరీ గానీ సెల్ఫ్ మోటారు గానీ బలహీనంగా ఉన్న కార్లలో మాత్రం మొదట వాటిని బాగు చేయించుకోవాలి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరి, కాంకేర్, జగ్‌దల్‌పూర్ మీదుగా భద్రాచలం వైపు వచ్చే 30వ జాతీయ రహదారిలో కేశ్‌కాల్ ఘాట్ ఉంది. పన్నెండు మలుపుల ఈ ఘాట్ గానీ, మన తిరుమల, శ్రీశైలం దారులు గానీ దిగేటప్పుడు న్యూట్రల్ వేసి, కొందరు ఇంజిన్ కూడా ఆపి, పెట్రోలు మిగిలిందని సంతోషిస్తారు. ఇది ప్రాణాంతకమైన పొదుపు.

2000 తరువాత ఉద్గార నిబంధనలు కఠినమైన కొద్దీ కార్బురేటర్ల స్థానంలో ఎంపీఎఫ్ఐ విధానం స్థిరపడింది. ఈ కార్లలో గేరు వేసి ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. అప్పుడు కంప్యూటర్ ఇంధన సరఫరాను దాదాపుగా నిలిపివేస్తుంది. న్యూట్రల్ వేస్తేనో, ఇంజిన్ ఆరిపోకుండా ఇంధనం పోస్తూనే ఉండాలి. అంటే వాలులో న్యూట్రల్ వల్ల ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. కార్బురేటర్ కార్లలో ఈ సదుపాయం సాధారణంగా ఉండదు. అయినా వాటిలో న్యూట్రల్ వల్ల మిగిలేది స్వల్పం.

నష్టం మాత్రం స్వల్పం కాదు. న్యూట్రల్‌లో ఇంజిన్ నిరోధం అందక భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంజిన్ ఆపివేస్తే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లతోనే హరించుకుపోతుంది, పెడల్ బండలా బిగుసుకుంటుంది. తాళం చెవి తీస్తే స్టీరింగే లాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఎక్కడానికి ఏ గేరు అవసరమయ్యిందో దిగడానికి కూడా ఆ గేరునే వాడాలన్నది అనుభవజ్ఞుల మాట.

గాలి, ఫిల్టరు, ఏసీ, ఇంధనం

టైర్లలో గాలిని నెలకు రెండుసార్లు, చల్లగా ఉన్నప్పుడు, తలుపు పక్కన స్టిక్కర్ మీద గానీ పుస్తకంలో గానీ సూచించిన మేరకు నింపించాలి. కార్బురేటర్ కారులో మురికి పట్టిన ఎయిర్ ఫిల్టరు మైలేజీని నేరుగా తగ్గిస్తుంది. ఎంపీఎఫ్ఐ కారులో ప్రధానంగా పికప్‌ను దెబ్బతీస్తుంది. చోక్ ఉన్న కారులో ఇంజిన్ వేడెక్కగానే దాన్ని వెనక్కి నెట్టడం మరువరాదు. కాసేపు నడిపాక ఏదైనా ఒక చక్రం మిగతా వాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నదని అనుమానించాలి.

రాయ్‌పూర్ వంటి చోట్ల మండువేసవిలో ఏసీ వాడకం అనివార్యం. ఎండలో నిలిపిన కారు తలుపులు ముందుగా తెరిచి, వేడి గాలి బయటికి పోయాక ఏసీ వేస్తే దాని మీద భారం తగ్గుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అద్దాలు దించుకోవచ్చు. హైవే వేగంలో మూసి ఉంచడమే లాభం.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో శక్తి కొంత తక్కువ. దానికి అనువుగా రూపొందని పాత కార్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం వరకు తగ్గవచ్చని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025లో వివరించింది. అలాంటి కార్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు పెళుసుబారాయా, కారుతున్నాయా అన్నది సర్వీసింగ్‌లో చూపించుకోవాలి.

లెక్క ఎలా చూడాలి?

ట్యాంకు పూర్తిగా నింపించి మీటరు రీడింగ్ రాసుకోవాలి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ నింపించి, తిరిగిన దూరాన్ని ఈసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకుండా మూడు నాలుగు సార్ల సగటు తీసుకోవాలి.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు మైలేజీ 14 నుంచి 16కి పెరిగితే దాదాపు 9 లీటర్లు మిగులుతాయి. లీటరు ధర నూరు రూపాయలనుకుంటే ఏడాదికి పది వేల రూపాయలకు పైమాటే. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు చెల్లించవలసిన రుసుముకు అది సరిపోతుంది. ఒక్కో లీటరు పెట్రోలు దహనంతో వెలువడే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.