మర్డర్ బై ది బుక్

'మర్డర్ బై ది బుక్' అమెరికన్ టెలివిజన్ అపరాధ పరిశోధన ధారావాహిక 'కొలంబో'లో ప్రసారమైన మొదటి ఎపిసోడ్. ఎన్.బి.సి. దీన్ని 1971 సెప్టెంబరు 15న, తొంభై నిమిషాల వ్యవధిలో ప్రసారం చేసింది. రచన స్టీవెన్ బోచ్కో, దర్శకత్వం స్టీవెన్ స్పీల్‌బర్గ్. అప్పటికి స్పీల్‌బర్గ్ వయసు 24 ఏళ్లు. లెఫ్టినెంట్ కొలంబోగా పీటర్ ఫాక్, హంతకుడు కెన్ ఫ్రాంక్లిన్‌గా జాక్ కాసిడీ, హతుడు జిమ్ ఫెరిస్‌గా మార్టిన్ మిల్నర్, జిమ్ భార్య జొవానాగా రోజ్‌మేరీ ఫోర్సైత్, దుకాణం నడిపే లిల్లీ లా సాంకాగా బార్బరా కోల్బీ నటించారు.

పూర్వరంగం

హంతకుడెవరో పాఠకుడికి ముందే చెప్పేసి, వాడు ఎలా దొరుకుతాడన్న ఆసక్తి మీదే కథ నడిపే పద్ధతిని బ్రిటిష్ రచయిత ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912 నాటి 'ది సింగింగ్ బోన్' సంపుటిలో ప్రయోగించాడు. తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఈ పద్ధతి నవలల్లో, నాటకాల్లో అడపాదడపా కనిపిస్తూ వచ్చింది.

దీన్ని టెలివిజన్‌లో స్థిరపరచినవారు ఫిలడెల్ఫియాలో బడిలో చదివేటప్పటి నుంచీ స్నేహితులైన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్. వారి కొలంబో పాత్ర తొలిసారి 1960లో 'ఎనఫ్ రోప్' అనే టెలివిజన్ నాటకంలో వచ్చింది. అప్పుడు వేషం కట్టింది బర్ట్ ఫ్రీడ్. 1962లో అదే కథ 'ప్రిస్క్రిప్షన్: మర్డర్' పేరుతో రంగస్థలం ఎక్కినప్పుడు థామస్ మిచెల్ ఆ పాత్ర పోషించాడు. 1968లో దాన్నే టెలివిజన్ చిత్రంగా తీసినప్పుడు ఫాక్ చేతికొచ్చింది. టెలివిజన్‌లో ఇక ఆ పాత్ర మరొకరికి పోలేదు. 1971 మార్చి 1న 'రాన్సమ్ ఫర్ ఎ డెడ్ మ్యాన్' అనే రెండో చిత్రం ప్రసారమయ్యాక ధారావాహికకు దారి ఏర్పడింది. దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' నవలలోని పోర్ఫిరీ పెట్రోవిచ్ తమ డిటెక్టివ్‌కు ఒక మూలమని సృష్టికర్తలే చెప్పారు. వినయం నటిస్తూ, అడిగిందే అడుగుతూ, నేరస్థుణ్ణి విసిగించి వాడి నోటితోనే నిజం రాబట్టడం ఇద్దరి పద్ధతీ.

'కొలంబో' వారం వారం వచ్చేది కాదు. 'ఎన్.బి.సి. మిస్టరీ మూవీ' శీర్షిక కింద 'మెక్‌క్లౌడ్', 'మెక్‌మిలన్ అండ్ వైఫ్'లతో వంతులవారీగా బుధవారాల్లో వచ్చేది.

దర్శకుడి తొలి పని

స్పీల్‌బర్గ్ 1968లో 'ఆంబ్లిన్'' అనే 26 నిమిషాల లఘుచిత్రం తీశాడు. ఎడారి దారిలో వచ్చేపోయే కార్లను ఆపి ఎక్కుతూ సాగే ఒక యువజంట కథ అది, సంభాషణలు లేవు. దాన్ని చూసిన యూనివర్సల్ టెలివిజన్ అధికారి సిడ్ షైన్‌బర్గ్ అతనికి ఏడేళ్ల ఒప్పందం ఇచ్చాడు. మాటల్లేకుండా కథ చెప్పగలనని నిరూపించుకున్న కుర్రాడికి దొరికిన పని మాత్రం మాటల మీద నడిచే టెలివిజన్ నాటకాలు.

మొదటి పరీక్ష 'నైట్ గ్యాలరీ' తొలి చిత్రంలోని 'ఐస్' అనే కథ. 1969 నవంబరు 8న ప్రసారమైన ఈ కథను రాసింది రాడ్ సెర్లింగ్. కొన్ని గంటల చూపు కోసం మరొకడి కళ్లు కొనుక్కునే సంపన్న అంధురాలిగా జోన్ క్రాఫర్డ్ నటించింది. ఆమె పేరు మోసిన తార, దర్శకుడికి ఇంకా 23 నిండలేదు. తర్వాత 'మార్కస్ వెల్బీ, ఎం.డి.', 'ది నేమ్ ఆఫ్ ది గేమ్'లో భవిష్యత్తు కథ 'ఎల్.ఎ. 2017', 'ది సైకియాట్రిస్ట్'లో రెండు ఎపిసోడ్లు చేశాడు. ఇచ్చిన స్క్రిప్టు, ఇచ్చిన నటులు, పొడిగింపు లేని గడువు: ఆనాటి స్టూడియో టెలివిజన్ పని తీరు అది. అందులో దర్శకుడి చేతిలో మిగిలేది కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ శబ్దం వినిపించాలి అన్న నిర్ణయాలే. ఈ ఎపిసోడ్‌లో స్పీల్‌బర్గ్ ఆ రెంటినీ పూర్తిగా వాడుకున్నాడు.

కథ

కెన్, జిమ్ కలిసి 'మిసెస్ మెల్‌విల్' అనే డిటెక్టివ్ నవలల వరుసతో పేరూ డబ్బూ సంపాదించారు. నిజానికి రాసేదంతా జిమ్. ప్రచారం చూసుకునేది కెన్. జిమ్ విడిగా రాసుకుంటాననేసరికి, అతని పేర ఉన్న బీమా సొమ్ము కోసం కెన్ హత్యకు పథకం వేస్తాడు. శాన్ డియేగో వైపున్న తన కుటీరానికి తీసుకెళ్లి, ఆఫీసులోనే ఉన్నానని భార్యకు ఫోన్ చేయిస్తాడు. ఆ ఫోన్‌లోనే ఆమెకు తుపాకి పేలిన శబ్దం వినబడుతుంది. శవం కెన్ ఇంటి ముందు పచ్చికలో దొరుకుతుంది. సంగతి పసిగట్టి డబ్బు అడిగిన లిల్లీని కూడా అతను చంపుతాడు.

కొలంబో పట్టుకునేవి చిన్న సంగతులే. స్నేహితుడి శవం చూసి పోలీసులకు ఫోన్ చేసినవాడు ఆ తర్వాత కూర్చుని తనకొచ్చిన ఉత్తరాలు ఎలా విప్పాడన్నది వాటిలో ఒకటి. దుఃఖంలో ఉన్న జొవానాను ఇంటికి తీసుకొచ్చి, వంటింట్లో స్వయంగా ఆమ్లెట్ వేస్తూ కొలంబో ప్రశ్నలు వేసే ఘట్టం ఈ పాత్రను ఒక్కసారిగా ప్రేక్షకుడికి దగ్గర చేసింది. చివర్లో బయటపడే, ఈ హత్య ఊహను జిమ్ రాసిపెట్టుకున్న చిత్తుకాగితం ఆధారం మాత్రం న్యాయస్థానంలో నిలిచేంత గట్టిది కాదు. కాసిడీ నటన ఆ లోటును చాలావరకు కప్పేసింది. రాయడం చేతకానివాడికి జన్మలో తట్టిన ఒకే ఒక మంచి ఊహ ఈ హత్యేనని తేలడం కథకు తగిన ముగింపు.

చిత్రీకరణ

ప్రారంభ దృశ్యం తరచూ ప్రస్తావనకు వస్తుంది, అందుకు అర్హమైనదే. లాస్ ఏంజెలెస్ వీధిలో కెన్ కారు వస్తుంటుంది. ఇంజన్ చప్పుడు లేదు, హారన్ లేదు, సంగీతం లేదు. టైప్‌రైటర్ మీద అక్షరాలు పడే టకటక ఒక్కటే వినబడుతుంది. ఆ శబ్దం ఎత్తైన భవనంలో, కిటికీ పక్కన కూర్చుని టైపు చేస్తున్న జిమ్‌ది. చంపబోయేవాడు, చావబోయేవాడు, వాళ్ల వృత్తి, వాళ్లలో పనిచేసేవాడెవడన్నది ఒక్క మాట లేకుండా తెలిసిపోతాయి. సంగీత దర్శకుడు బిల్లీ గోల్డెన్‌బర్గ్ టైప్‌రైటర్ శబ్దాన్ని తన నేపథ్య సంగీతంలోకీ తీసుకున్నాడు.

ఛాయాగ్రాహకుడు రసెల్ మెటీ అప్పటికే ఆర్సన్ వెల్స్‌తో 'టచ్ ఆఫ్ ఈవిల్' చేసినవాడు, 'స్పార్టకస్'కు ఆస్కార్ అందుకున్నవాడు. దర్శకుడు వయసులో అతనికి కొడుకులాంటివాడు. వీధి అవతల కెమెరా పెట్టి పొడవాటి లెన్స్‌తో నటులను తీయడం అప్పటి టెలివిజన్‌లో అరుదు. కెమెరా దూరంగా ఉండడం వల్ల తనకు నటనలో స్వేచ్ఛ దొరికిందనీ, ఈ దర్శకుడు 'కొలంబో'కు మించినవాడని నిర్మాతలతో అప్పుడే అన్నాననీ ఫాక్ తర్వాత చెప్పుకున్నాడు.

తదనంతరం

రెండు నెలలు తిరగకుండానే, 1971 నవంబరు 13న, స్పీల్‌బర్గ్ తీసిన 'డ్యూయల్' ఎ.బి.సి.లో ప్రసారమైంది. రిచర్డ్ మాథెసన్ రాసిన ఆ చిత్రంలో నాయకుడు 'మెక్‌క్లౌడ్' పాత్రధారి డెనిస్ వీవర్; సంగీతం మళ్లీ గోల్డెన్‌బర్గే. 1974లో 'ది షుగర్‌ల్యాండ్ ఎక్స్‌ప్రెస్', 1975లో 'జాస్' వెలువడ్డాయి. బోచ్కో 1981లో 'హిల్ స్ట్రీట్ బ్లూస్' సహసృష్టికర్త అయ్యాడు. కాసిడీ 1974లో, 1976లో మరో రెండుసార్లు కొలంబో చేతికి చిక్కే హంతకుడిగా వచ్చి, 1976 డిసెంబరులో మరణించాడు. ధారావాహిక ఎన్.బి.సి.లో 1978 వరకు, ఎ.బి.సి.లో 1989 నుంచి 2003 వరకు సాగింది.

1997లో 'టీవీ గైడ్' పత్రిక ప్రకటించిన వంద ఉత్తమ టెలివిజన్ ఎపిసోడ్ల జాబితాలో 'మర్డర్ బై ది బుక్' 16వ స్థానంలో నిలిచింది. 'కొలంబో' కోసం స్పీల్‌బర్గ్ తీసిన ఎపిసోడ్ ఇదొక్కటే.