లస్కరు

గోదావరి డెల్టాలో లస్కరు అంటే నీటిపారుదల శాఖ తరఫున కాలువ మీద పనిచేసే కింది స్థాయి ఉద్యోగి. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ చూసి రాసుకోవడం, గట్టు మీద తిరిగి కాపలా కాయడం అతని పనులు. ఇంగ్లీషులో ఇదే మాట సుమారు మూడు వందల ఏళ్ళపాటు ఆసియా నావికుడికి, ముఖ్యంగా తెల్లవాళ్ళ ఓడల్లో జీతానికి చేరిన భారతీయుడికి పేరుగా చెల్లింది. డెల్టాలోని పెనుగొండ సంతలో నిలబడి లస్కరు ఎవరని అడిగితే సముద్రం ఊసు ఎవరూ ఎత్తరు. ఇంగ్లీషు నిఘంటువు తీస్తే అందులో నావికుడే గాని కాలువ మనిషి కనబడడు. ఇద్దరికీ మూలం మాత్రం ఒకటే, అది నీళ్ళకు సంబంధించింది కానే కాదు.

పుట్టుక

ఫారసీలో లష్కర్ అంటే సైన్యం, దండు విడిసిన చోటు. లష్కరీ అంటే ఆ దండుకు చెందినవాడు. అరబ్బీలో సైన్యానికి ఉన్న అస్కర్ అనే మాటతో దీనికి చుట్టరికం ఉంది. ఎవరి దగ్గర ఎవరు తెచ్చుకున్నారన్న వాదం పండితుల్లో చాలాకాలం నడిచింది. ఉర్దూ మీదుగా తెలుగునేలకు వచ్చిన రూపంలో పాత అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతాన్ని జనం లష్కర్ అనే అంటారు. ఉజ్జయిని మహంకాళి జాతర లష్కర్ బోనాలుగానే ప్రసిద్ధి. ఆ గుడి కట్టించిన సురిటి అప్పయ్య సైన్యంలో పనిచేసినవాడనీ, 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకుని, తిరిగొచ్చాక ఇక్కడ అమ్మవారిని నిలిపాడనీ ఐతిహ్యం. హనుమకొండలో లష్కర్ బజార్ కూడా దండు పేరు మోసేదే.

సైన్యం పేరు సముద్రానికి ఎక్కించింది పోర్చుగీసువాళ్ళు. 16వ శతాబ్దంలో వాళ్ళు ఈ మాటను లస్కరీం అని పలికి, ఇక్కడివాళ్ళలోంచి తాము తీసుకున్న సిపాయిలకు పెట్టారు. సింహళంలో ఆ పేరుతో ఏకంగా పటాలాలే ఉండేవి. అదే మాట ఓడ మనుషులకూ అంటుకుంది. ఆ రోజుల్లో ఓడ మీద పనివాడికీ పోరాడేవాడికీ మధ్య పెద్ద గీత లేదు కాబట్టి ఈ జారుడులో వింతేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళు 17వ శతాబ్దంలో దాన్ని లాస్కర్ అని అందుకున్నారు. 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ కోశం నావికుడి అర్థంతో పాటు, డేరాలు పాతే మనిషినీ, ఫిరంగుల దగ్గర చాకిరీ చేసే గన్ లస్కరునూ చెప్పింది. గోదావరి కథకు పనికొచ్చేవి ఈ చివరి రెండే.

సముద్రం మీద

ఇంగ్లండు 1660లో తెచ్చిన నౌకాయాన చట్టం ప్రకారం ఓడ సిబ్బందిలో నాలుగింట మూడొంతులు ఇంగ్లీషువాళ్ళే ఉండాలి. కాగితం మీద అంతే. ఈస్టిండియా కంపెనీ ఓడ ఇక్కడికి చేరేసరికి కొందరు జబ్బుచేసి పోయేవారు, కొందరు పారిపోయేవారు, కొందరిని రాజుగారి నౌకాదళం బలవంతంగా లాక్కుపోయేది. తిరుగు ప్రయాణానికి కలకత్తాలోనో బొంబాయిలోనో లస్కర్లను ఎక్కించుకోక తప్పేది కాదు. వాళ్ళు లండన్ చేరాక అదే చట్టం అడ్డొచ్చి, వెనక్కి వచ్చే ఓడల్లో పని దొరికేది కాదు. ఎముకలు కొరికే చలిలో రేవు వీధుల్లో ముష్టెత్తుకున్న లస్కర్ల గురించి ఆనాటి లండన్ పత్రికల్లో తరచు కనిపిస్తుంది. 1823 చట్టం వాళ్ళను తిరిగి పంపే పూచీ ఓడ యజమానుల మీద పెట్టింది. అదే చట్టం వాళ్ళు బ్రిటిష్ నావికులు కారని కూడా తేల్చింది. తిరిగి పంపడం దయతో చేసిన పని కాదని రెండో మాటతో తెలుస్తూనే ఉంది. 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం ఒక వసతిగృహం తెరిచారు.

ఆవిరి ఓడలు వచ్చాక లస్కర్ల గిరాకీ పెరిగింది. బాయిలరు గదిలో బొగ్గు ఎగదోసే పనికి యూరపువాడికిచ్చే జీతంలో చిన్న భాగమిస్తే చాలు, వీళ్ళు దొరికేవారు. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వర్తక నౌకల మీద 50 వేలకు పైగా లస్కర్లు ఉన్నారు. మొత్తం నావికుల్లో ఇది ఆరోవంతు కంటే ఎక్కువ. ఆ యుద్ధంలో మరణించిన బెంగాల్, అస్సాం నావికులు 896 మందికి గుర్తుగా కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున కట్టిన స్మారకాన్ని 1924లో ఆవిష్కరించారు. రెండో యుద్ధంలో చనిపోయిన భారతీయ నావికులు సుమారు 6,600 మంది.

లస్కరు ఒంటరిగా పనిలోకి వెళ్ళేవాడు కాదు. సరంగు అనే పెద్ద తన ఊరివాళ్ళను, చుట్టాలను పోగుచేసి ఒక జట్టుగా ఓడ ఎక్కించేవాడు. వాళ్ళ జీతం, అప్పు, తిండి అన్నీ అతని చేతి మీదుగానే నడిచేవి. అతని కింద తండేలు, చుక్కాని పట్టే సుకానీ, వంట చూసే భండారీ ఉండేవారు. వాళ్ళు మాట్లాడే హిందుస్తానీ, అరబ్బీ, పోర్చుగీసు కలగలుపు భాషను ఇంగ్లీషు అధికారులు నేర్చుకోవాల్సి వచ్చి, థామస్ రోబక్ 1811లో దానికొక నౌకా నిఘంటువే తయారుచేశాడు. అమితవ్ ఘోష్ 2008లో రాసిన ‘సీ ఆఫ్ పాపీస్’ నవలలో ఆ భాష మళ్ళీ వినబడింది.

ఈ పేర్లేవీ తెలుగువాళ్ళకు కొత్తవి కావు. గోదావరిలో పాపికొండలకు వెళ్ళే లాంచీ నడిపేవాడు ఇవాళ్టికీ సరంగే. పడవ మీద పనివాళ్ళు కళాసీలు, అదీ ఓడల భాషలోంచి వచ్చిందే. ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో వేటకు నాయకుడు తండేలు. గుజరాత్ తీరంలో వేటకు వెళ్ళి పాకిస్తాన్ చెరలో పడిన శ్రీకాకుళం జాలర్ల కథతో 2025లో అదే పేరుతో సినిమా వచ్చాక ఆ మాట రాష్ట్రమంతా పాకింది. చుక్కాని సంగతి సరేసరి, అది అరబ్బీ నుంచి వచ్చిందని గుర్తుచేస్తే తప్ప ఎవరికీ తట్టదు.

పెనుగొండ మండలంలో సిద్ధాంతం అనే ఊరి దగ్గర పారే వశిష్ఠ గోదావరి దిగువకు పోయి సముద్రంలో కలిసే చోటికి చేరువలో నరసాపురం ఉంది. 17వ శతాబ్దంలో అక్కడా, పక్కనే ఉన్న మాధవాయిపాలెంలోనూ పెద్ద ఓడలు కట్టేవారు. అప్పట్లో ఈ తీరంలో తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ ఆ పని గురించి రాసిపెట్టాడు. ఇంకో పాయ మొగలో కోరంగి రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి. మొదటిదాన్ని ప్రస్తావించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించాడు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచారు. అయినా 20వ శతాబ్దపు ఆవిరి ఓడల మీద లస్కర్లు ఎక్కువగా సిల్హెట్, నౌఖాలి, కొంకణం, గోవా వైపువాళ్ళు. తెలుగుదేశంలో ఆ పేరు నిలిచింది నేల మీద, కాలువ గట్టు మీద.

కాలువ మీద

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన సైనికాధికారి. అతని చుట్టూ ఉన్న ఇంజనీర్లూ ఎక్కువగా ఆ దళంవాళ్ళే. మద్రాసు సైన్యంలో డేరా లస్కరు, గన్ లస్కరు జీతాల పట్టీల్లో మామూలు పేర్లు. ఆయుధం పట్టని, కాయకష్టం చేసే సర్కారు మనిషి అని ఆ మాటకు అర్థం. ఆ ఇంజనీర్లే కాలువలు తవ్వించి, వాటి మీద మనుషుల్ని పెట్టుకున్నప్పుడు, చేతిలో ఉన్న పేరునే వాడారనుకోవడం న్యాయం. కాలువల్లో పడవలు నడిచేవి కాబట్టి ఓడ లస్కరే ఇక్కడికి దిగాడని చెప్పేవాళ్ళున్నారు గాని, ఆ మాట నిలవదు. పడవ మీద ఉన్నవాడు ఎప్పుడూ సరంగో కళాసీయో అయ్యాడు, లస్కరు గట్టు మీదే ఉన్నాడు.

పడవల కాలంలో లాకుల దగ్గర పని ఎక్కువ. డెల్టా కాలువలను తిండిగింజల రవాణా కోసం కూడా తవ్వారు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపితే, అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా ధాన్యం పడవలు పోయేవి. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్ళు నింపో వదిలో మట్టం సరిచేసి, ముందు తలుపులు తీయాలి. రైలు వచ్చాక, ఆపైన లారీ వచ్చాక పడవలు తగ్గిపోయాయి. చాలా చోట్ల లాకులు పేరుకే మిగిలాయి.

నీళ్ళ పని మాత్రం ఎప్పటికీ ఉండేదే. విజ్జేశ్వరం దగ్గర తీసుకున్న నీరు పశ్చిమ డెల్టాలో 5 లక్షల ఎకరాలకు పైగా పారాలి. తూర్పు, మధ్య డెల్టాలు కలుపుకుంటే మొత్తం ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. సార్వాకు, అంటే వానకాలపు పంటకు, నదిలో నీళ్ళకు లోటుండదు, అప్పుడు లస్కరు భయమంతా గండ్ల గురించే. వాన దంచికొడుతున్న రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట నడుస్తూ, ఎలుక బొరియో పీత కన్నమో చెమ్మ కారుతున్న చోటు వెతుకుతాడు. చిన్న ఊట కనిపిస్తే ఇసుక బస్తా వేసి తొక్కితే సరిపోతుంది. చూడకపోతే తెల్లారేసరికి గట్టు తెగి, నారుమడులు మునుగుతాయి.

దాళ్వా, అంటే రెండో పంట, వేరే సంగతి. నదిలో నీరు తగ్గి, అధికారులు వంతులు పెడతారు. ఒక కాలువకు కొన్నాళ్ళు వదిలి, ఇంకోదానికి కట్టేస్తారు. అప్పుడు లస్కరు చేతిలోని తిప్పుడు చువ్వ విలువ ఊరికంతటికీ తెలుస్తుంది. తూము షట్టరు మరచుట్ల మీద ఎక్కి దిగుతుంది. నాలుగు చుట్లు ఎక్కువ తిప్పితే ఒక బోదె (పిల్లకాలువ) నిండుతుంది, దిగువ బోదె ఎండుతుంది. ఎగువ రైతు కాలువకు అడ్డంగా గడ్డిమోపులు, అరటిబోదెలు వేసి మట్టం పెంచుకోవడం అన్నిచోట్లా ఉన్నదే. శివారు రైతు సైకిలు మీద వచ్చి, “ఏవండీ లస్కరు గారూ, మా చేలు నెర్రెలిచ్చాయండీ, ఇవాళైనా వదులుతారా లేదాండీ” అని అడిగేదాకా వచ్చిందంటే, ఎగువన ఎవరో ఆ పని చేసినట్టే. లస్కరు వెళ్ళి అడ్డుకట్ట లాగేస్తాడు, తిట్లు తింటాడు, పైకి ఫిర్యాదు రాస్తాడు. అతనికి చట్టం ఇచ్చిన అధికారం స్వల్పం. ఎగువవాడు, శివారువాడు ఇద్దరూ తన ఊరివాళ్ళే కావడం వల్ల అతని మాట చెల్లుతుంది, అదే కారణం వల్ల చెల్లకుండా కూడా పోతుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీత, తూముల మరమ్మతు, షట్టర్లకు గ్రీజు. కాలువలు వదిలే ముందు గుర్రపుడెక్క తీయించడం ఒక పెద్ద తంటా. ఆ మొక్క అల్లుకుంటే గేజీ దగ్గర మట్టం ఎక్కువ చూపిస్తుంది గాని కిందికి నీరు దిగదు. లెక్కల పుస్తకంలో నీళ్ళుంటాయి, చేలో ఉండవు.

మిగతా అర్థాలు, ఇప్పటి స్థితి

ఈ మాట వెళ్ళిన చోటల్లా ఒక్కో రంగు పూసుకుంది. మారిషస్‌లో లస్కర్ అంటే ముస్లిం అని అర్థం స్థిరపడింది, దాన్ని తక్కువచేసి అనే మాటగానే వాడతారు. ఫ్రెంచిలో లస్కార్ అంటే గడుసుపిండం, టక్కరివాడు. బ్రిటన్‌లో ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లో తప్ప వినబడదు. భారతదేశంలో ప్రభుత్వ కొలువుల్లో మాత్రం బతికే ఉంది. కోస్ట్ గార్డ్ నియామక ప్రకటనల్లో లస్కర్ ఉద్యోగాలు కనిపిస్తాయి, ఎన్.సి.సి. కార్యాలయాల్లోనూ లస్కర్లు ఉన్నారు. వీళ్ళలో మొదటివాళ్ళు ఓడ అర్థానికీ, రెండోవాళ్ళు దండు అర్థానికీ వారసులు.

1997లో రైతుల చేతికి నీటి యాజమాన్యం అప్పగిస్తూ రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది, డెల్టాలోనూ నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సంఘాలు పూడికతీత పనులు చూసుకున్నాయి గాని, రాత్రిపూట గట్టు నడిచే మనిషికి అవి బదులు కాలేదు. పదవీ విరమణ చేసిన లస్కర్ల స్థానాలు చాలావరకు ఖాళీగా ఉండిపోయాయి. సీజనుకు మాత్రం కూలి లెక్కన మనుషుల్ని పెట్టుకుంటున్నారు. ఒకప్పుడు ఒక లస్కరు చూసుకున్న నిడివికి ఇప్పుడు రెండుమూడింతలు ఒక్కడే చూడాల్సి రావడంతో, తూముల దగ్గర షట్టరు తిప్పే పని చాలాచోట్ల రైతులే చేసుకుంటున్నారు. ఎవరికి వాళ్ళు తిప్పుకునే చోట శివారుకు నీరు చేరడం కష్టమని దాళ్వా వచ్చినప్పుడల్లా ఆ ఊళ్ళవాళ్ళు కలెక్టరేటుకు అర్జీలు పెడుతూనే ఉన్నారు, అందులో మొదటి కోరిక లస్కర్ల పోస్టులు నింపమనే.