లూప్ నుంచి ఇంజెక్షన్ వరకు: దీర్ఘకాలిక గర్భనిరోధక పద్ధతులు – మహిళల అనుభవం

ఈ భాగం చదివిన తరువాత, మహిళలు దీర్ఘకాలిక గర్భనిరోధక పద్ధతులను స్వీకరించడంపైన, తిరస్కరించడంపైన ప్రభావం చూపిన కారణాలను మీరు వివరించగలుగుతారు.

1. లూప్ ప్రవేశం

1952లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణను అధికారిక కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశం మనది. తొలి పదేళ్లలో ఆశించిన ఫలితాలు రాలేదు. 1965లో ‘లూప్’ వచ్చింది. గర్భాశయంలో అమర్చే ఈ ప్లాస్టిక్ సాధనం చవకైనది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది, వద్దనుకుంటే తీసివేయవచ్చు. కాన్పూరులో దీని తయారీ కూడా ప్రారంభమైంది. 1965–66లో 8 లక్షలకు పైగా, మరుసటి ఏడాది 9 లక్షలకు పైగా మహిళలకు లూప్ వేశారు. ఆ తరువాత రెండేళ్లలోనే ఈ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

2. ఎందుకు విఫలమైంది?

గ్రామీణ స్త్రీల అజ్ఞానం, వదంతులే ఇందుకు కారణమని అప్పట్లో చాలామంది అధికారులు భావించారు. వదంతులు వ్యాపించిన మాట నిజమే. కాని అవి ఎక్కడ పుట్టాయో కూడా మీరు ఆలోచించాలి. లూప్ వేయించుకున్న కొందరిలో రక్తస్రావం, నడుము నొప్పి కలుగుతాయి. అప్పటికే రక్తహీనతతో ఉండి, పొలం పనికి వెళ్లక తప్పని స్త్రీకి ఇది చిన్న ఇబ్బంది కాదు. ముట్టు పాటించే ఇళ్లలో రక్తస్రావం ఎక్కువ రోజులు ఉంటే వంటకు, పూజకు దూరంగా ఉండాలి. ఈ విషయాలు ముందుగా చెప్పినవారు తక్కువ. మహిళా డాక్టర్ల కొరత తీవ్రంగా ఉండేది. శిబిరంలో లూప్ వేసి వెళ్లిన బృందం మళ్లీ ఆ ఊరికి వచ్చేదాకా బాధ చెప్పుకునే దిక్కు లేదు. సిబ్బంది పనిని లక్ష్యాల సంఖ్యతోనే కొలిచారు గనుక వేయడానికి ఉన్న ప్రాధాన్యం తరువాతి సంరక్షణకు దక్కలేదు. పక్కింటి స్త్రీ పడిన బాధను కళ్లారా చూసినవారికి ప్రచార పోస్టరు మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

3. పటాన్‌చెరు, నెట్-ఎన్ వివాదం

1980లలో రెండు నెలలపాటు పనిచేసే ‘నెట్-ఎన్’ హార్మోన్ ఇంజెక్షన్‌పై మన దేశంలో ప్రయోగాలు జరిగాయి. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇందుకోసం పిలిచిన స్త్రీలకు తగిన సమాచారం ఇవ్వలేదని స్త్రీశక్తి సంఘటన అభ్యంతరం తెలిపింది. ఇతర మహిళా బృందాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఈ పోరాటం గర్భనిరోధాన్ని వ్యతిరేకించలేదని మీరు గమనించాలి. తెలిసి ఇచ్చిన సమ్మతి ఉందా? దుష్ఫలితాలు వస్తే చూసే వ్యవస్థ ఉందా? ఆ స్త్రీలు లేవనెత్తిన ప్రశ్నలలో ఇవి ముఖ్యమైనవి.

4. ఆపరేషన్ వైపు మొగ్గు

అత్యవసర పరిస్థితి (1975–77) కాలంలో పురుషులకు బలవంతంగా జరిపిన ఆపరేషన్లు ప్రజాగ్రహానికి కారణమయ్యాయి. దాంతో వేసెక్టమీ వెనుకబడింది, భారం స్త్రీల మీదికి మళ్లింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహిత స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం ఆపరేషన్‌పైనే ఆధారపడ్డారు. దేశం మొత్తం మీద లూప్, కాపర్-టి వంటి సాధనాలు వాడేవారు 2 శాతం మాత్రమే. మన ప్రాంతంలో చాలామంది ఇరవైల తొలి భాగంలోనే పెళ్లి, కాన్పులు, ఆపరేషన్ ముగించుకుంటారు. కాన్పుల మధ్య ఎడం కోసం సాధనం వాడే దశే వారి జీవితంలో రావడం లేదు.

5. సారాంశం

సాధనం మంచిదైనంత మాత్రాన అది ఆదరణ పొందదు. స్త్రీ ఆరోగ్యస్థితి, ఇంటి ఆచారాలు, సమాచారం, తరువాతి సంరక్షణ, అన్నిటికీ మించి వద్దనుకున్నప్పుడు తీయించుకోగల స్వేచ్ఛ – ఇవన్నీ కలిసి ఆమె నిర్ణయాన్ని రూపొందిస్తాయి. 1996లో ప్రభుత్వం పద్ధతుల వారీ లక్ష్యాలను తొలగించడం ఈ వాస్తవానికి ఆలస్యంగా లభించిన గుర్తింపు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లూప్ వైఫల్యాన్ని ‘అజ్ఞానం’గా వివరించడం ఎంతవరకు సమంజసం?
2. మీ ఇంట్లోని లేదా ఊరిలోని పెద్దవయసు స్త్రీలు ఇష్టపడి చెబితే, వారి అనుభవం విని, పై కారణాలతో పోల్చి పది వాక్యాలు రాయండి.