తాళ్లకొండపాడు: మనము మరువరాని పల్లె

ఆర్మేనియా దేశము నాల్గవ శతాబ్దపు తొలినాళ్లలోనే క్రైస్తవమును రాజ్యమతముగా స్వీకరించినది. అక్కడి కొండ పల్లెలలో సన్నని చెక్కడపు పనిగల రాతి సిలువలు నేటికీ నిలిచి ఉన్నాయి. మన ప్రాంతములో అటువంటి పల్లె ఏది అని అడిగితే మేము తాళ్లకొండపాడు పేరు చెబుతాము. అయితే ఈ పల్లె వారసత్వము రాతిలో లేదు, మనుషుల జ్ఞాపకములో ఉన్నది.

ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరములోని ఈ పల్లెలో యర్రగుంట్ల పేరయ్యగారు ఉండేవారు. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. రాజయోగము అభ్యసించి దేవుని వెదకిన మనిషి. వ్యాపారము మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నారు. ఇంటికి తిరిగివచ్చి భార్య నాగమ్మగారికి, చుట్టుపట్ల తన వారికి దానిని చెప్పసాగారు. 1866లో ఆ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి చేత బాప్తిస్మము పొందారు.

1867 జనవరి 1న ఒంగోలులో 8 మందితో సంఘము ఏర్పడినది. ఆ నెలలోనే క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వచ్చి తోపులో విడిది చేశారు. జనులు పక్కబట్టలు, తిండి సామాను నెత్తిన పెట్టుకొని వచ్చి, యేసును గూర్చి నేర్చుకొనేవరకు కదలలేదు. వారిలో 28 మంది బాప్తిస్మము పొందారు. దొరగారు రాకముందే పేరయ్యగారు ఆ పొలము దున్ని విత్తనము చల్లి ఉంచారని మనము గ్రహించాలి.

విశ్వాసమునకు వెల కూడా చెల్లించవలసి వచ్చినది. ఆదివారము పని చేయము, చచ్చిన పశువు మాంసము తినము, జాతరలలో డప్పు కొట్టము అన్నందుకు విశ్వాసులను గ్రామ పెద్దలు బాధించారు. పనులు పోయాయి, నీళ్లు కూడా అందకుండా చేశారు. అయినా వారు వెనుదిరగలేదు. మహాకరువు తరువాత 1878 జులై 3న, మన కంభము చెరువును నింపే గుండ్లకమ్మలోనే, దిగువన వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఇది బాప్టిస్టు సోదరుల చరిత్ర కదా, మన సంచికలో ఎందుకు అని కొందరు అడుగవచ్చును. గిద్దలూరు, కంభము, మార్కాపురము సీమలో మన ఇళ్లకు, వారి ఇళ్లకు వియ్యములున్నాయి. మిషన్లు వేరైనా, అవమానము భరించి తల ఎత్తుకొన్న పితరులు ఇరువురికీ ఒక్కరే.

పేరయ్యగారి మాటలు మనకు ఎట్లు దక్కాయి? క్లౌ దొరగారి సతీమణి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు వృద్ధుల వద్ద కూర్చుండి, వారు చెప్పినది విని, 1899లో ఇంగ్లీషున గ్రంథముగా అచ్చువేయించారు. ఆ పని చేయకుంటే ఎంతో సంగతి వారితోనే సమాధి అయ్యేది.

మన సంఘములలో అట్టి వృద్ధులు ఇంకను ఉన్నారు. ఏ ఊరిలో మొదట ఎవరు నమ్మారో, ఎవరి పంచలో మొదటి ప్రార్థన జరిగినదో వారికి తెలుసు. మార్కాపురము పలకల మీద ఎన్ని తరముల పిల్లలో అక్షరాలు దిద్దుకొన్నారు. ఆ పలకల సీమవారమైన మనము మన పితరుల పేర్లు వ్రాసిపెట్టుకొనలేమా? యౌవనస్థులారా, ఈ వారమే ఒక తాతగారి దగ్గర, ఒక అవ్వ దగ్గర కూర్చోండి. అడగండి, వ్రాయండి.